నది అవతలి గడియారం

హాలిఫాక్స్,
మార్చి నెల, సోమవారం సాయంత్రం.

ప్రియమైన రేజాన్ అన్నయ్యకు,

నీ చెల్లెలు ఒడీల్ నమస్కరించి రాసేది. ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వూ, ఫెర్నాండ్ వదినా క్షేమమని తలుస్తాను. ఉత్తరమన్నాక ఈ మాట రాయాలి కాబట్టి రాశాను గానీ, ఈసారి అది సగమే నిజం. ఒంట్లో బాగానే ఉంది. మనసు మాత్రం రోతతో నిండిపోయి ఉంది. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిక పట్టు.

నీ ఉత్తరం బుధవారం అందింది. ఫోన్ చేయకుండా కాగితం మీద ఎందుకు రాస్తున్నానని విసుక్కోకు. ఫోన్‌లో నువ్వు "అంతా బానే ఉందిలేవే, నీ పని చూసుకో" అని పెట్టేస్తావు. కాగితం మీద అబద్ధం రాయడం నీకు చేతకాదు, నాకూ చేతకాదు. అమ్మ మనిద్దరికీ నేర్పిన మంచి అలవాటు ఇదొక్కటే మిగిలినట్టుంది.

ముందు నువ్వు అడిగిన చిన్న ప్రశ్నలకు జవాబులు. మణికట్టు నొప్పి తగ్గింది. కొత్త కీబోర్డు కొన్నాను. మధ్యకు చీలి రెండు ముక్కలుగా ఉంటుంది. చూసినవాళ్ళంతా "అయ్యో, విరిగిపోయిందా?" అని పరామర్శిస్తున్నారు. వదిన అల్లి పంపిన చేతి తొడుగులు సరిగ్గా సరిపోయాయి. ఎడమదాని బొటనవేలు కొంచెం పొడుగు, కానీ వదినతో ఆ మాట అనకు. ఇక ఆగస్టులో నా పెళ్ళికి గ్రాహం తరఫువాళ్ళు ఎంతమంది వస్తారు, వాళ్ళకోసం ఎన్ని చేపలు పొగబెట్టాలి అని అడిగావు. దానికి జవాబు ఈ ఉత్తరం చివర ఉంది. దయచేసి ముందుగా అక్కడికి దూకకు.

ఇంటర్నెట్‌లో నా రోజువారీ రాతలు ఎందుకు ఆగిపోయాయని కూడా అడిగావు. నువ్వు గ్రంథాలయంలో కంప్యూటర్ ముందు కూర్చుని నా పేజీ చదువుతావని తెలిసినప్పటి నుంచీ ఎంత సంతోషంగా రాసేదాన్నో. ఒకరోజు కొత్త పనిముట్టు గురించి, ఒకరోజు పొంగని రై రొట్టె గురించి, ఒకరోజు సాల్మన్ చేప కోసం ఈకలతో కట్టిన ఎర గురించి. "కోడ్ గురించి రాసిన సగం నాకు అర్థం కాదు, ఎరల గురించి రాసిన సగం నీకే అర్థం కాలేదు" అని నువ్వు వెక్కిరించావు కదా. ఆ రాతలు ఆపేసి నెల దాటింది. ఆఫీసు నుంచి వచ్చాక చేతులు కడుక్కుని, అయినా శుభ్రం కానట్టు అనిపించి, మళ్ళీ కడుక్కుంటున్నాను. అలాంటి మనిషి రొట్టెల గురించి ఏం రాస్తుంది?

మా ఆఫీసు ఇప్పుడెలా ఉందో చెబుతాను. మేము రాసే కోడ్‌కు తోడుగా వేల కొద్దీ పరీక్షలు రాసిపెట్టుకుంటాం. వంటలో ఉప్పు చూసినట్టు అన్నమాట. కోడ్‌లో ఏ చిన్న ముక్క మార్చినా ఆ పరీక్షలన్నీ వాటంతటవే నడుస్తాయి. అన్నీ నెగ్గితే గోడ మీది తెర పచ్చగా వెలుగుతుంది, ఒక్కటి తప్పినా ఎర్రబడుతుంది. ఇంతవరకూ మంచి పద్ధతే. మా మేనేజర్ టాంసిన్ వచ్చాక దీనికి ఒక ఇత్తడి గంట చేరింది. తెర పచ్చబడినప్పుడల్లా ఎవరో ఒకరు లేచి గంట కొట్టాలి, మిగతావాళ్ళు చప్పట్లు కొట్టాలి. వారమంతా పచ్చగా ఉంటే శుక్రవారం కేకు. పచ్చరంగు క్రీముతో. అది తింటే పళ్ళు కూడా పచ్చబడతాయి. పళ్ళు పచ్చబడిన పెద్ద మనుషులు ఒకరినొకరు మెచ్చుకుంటూ నవ్వుతుంటే నాకు వాంతి వచ్చినంత పనవుతుంది.

దానికి తోడు కోడ్ రాసిపెట్టే కొత్త యంత్ర సహాయకుడొకడు వచ్చాడు. వాడిని ఏం అడిగినా "అద్భుతమైన ప్రశ్న!" అని మొదలుపెడతాడు. తప్పు కోడ్ ఇచ్చి, తప్పని చెబితే "మీరు చెప్పింది అక్షరాలా నిజం!" అని మురిసిపోయి, మరో తప్పు ఇస్తాడు. వాడు యంత్రం, వాడికి సిగ్గు లేకపోవడం సహజం. వాడిని చూసి మనుషులు కూడా అలాగే మాట్లాడటం నేర్చుకున్నారు. అది చూడలేకపోతున్నాను.

ఇక నీ అసలు ప్రశ్న, ముసలివాళ్ళను ఆసుపత్రికి చేరవేసే నీ బండిలో ఎవరిని ఏ వేళకు ఎక్కించుకోవాలో చెప్పే డబ్బా గురించి. నీ ఉత్తరంలో ఆ వాక్యాన్ని నువ్వు రెండుసార్లు కొట్టేసి మూడోసారి రాశావు. "ఒడీల్, మీ ఆఫీసువాళ్ళు చేసిన ఆ డబ్బా అబద్ధం చెబుతుందా?" అని.

చెబుతుంది అన్నయ్యా. చెబుతోంది. నువ్వు చెప్పిందే నిజం.

నువ్వు రాసిన సంగతులన్నీ నేను ఒకటికి పదిసార్లు చదివాను. శీతాకాలం మొదట్లో ఓ రోజు డబ్బా చెప్పిన వేళకే నువ్వు వంతెన దాటి పాయింట్-ఓ-సోమోన్ వెళ్ళావు. అప్పటికి జేలీ పెద్దమ్మ గంటసేపటి నుంచి గుమ్మంలో మంచులో నిలబడి ఉంది. డయాలసిస్‌కు ఆలస్యమైపోయింది. ఆసుపత్రిలో ఆమె కుర్చీ వేరేవాళ్ళకు ఇచ్చేశారు. ఆ రోజు నుంచి నువ్వు డబ్బాను పక్కన పెట్టి నీ చేతి గడియారం ప్రకారమే వెళ్తున్నావు. ఎనిమిదికి ఆమెను ఎక్కించుకుని బటన్ నొక్కితే, "ఇంకా సమయం కాలేదు" అంటుందట. తొమ్మిదికి "ప్రయాణికురాలిని ఎక్కించుకోలేదు" అని దానంతటదే రాసుకుంటుందట. పైగా ఎనిమిది నుంచి తొమ్మిది దాకా బండిని సొంత పనికి తిప్పావని మరో మచ్చ. మీ పైఅధికారి లోర్న్ నిన్ను పిలిచి "యంత్రం అబద్ధమాడదు రేజాన్, మనుషులే ఆడతారు" అన్నాడని రాశావు. గురువారం పది గంటలకు విచారణ. నీ తప్పు లేదని తేలకపోతే ఉద్యోగం పోతుంది. మంచులో ఆ బండి నడుపుతూ ముసలివాళ్ళ చేతికర్రలు మోస్తూ వచ్చిన మనిషిని దొంగను చేశారు. చదువుతుంటే నా ఒళ్ళు మండిపోయింది.

ఎందుకిలా జరిగిందో మొదటి పేరా చదివేసరికే నాకు తెలిసిపోయింది. నీకూ తెలిసే ఉంటుంది. చట్టం ప్రకారం మన కెంప్టన్ లాండింగ్‌కు నది అవతల క్యూబెక్, అక్కడి గడియారం మనకంటే గంట వెనక. కానీ పాయింట్-ఓ-సోమోన్‌లో ఆ గడియారం ఎవరు పెట్టుకున్నారు? వాళ్ళ ఆసుపత్రి ఇవతల, అంగడి ఇవతల, పెళ్ళాల పుట్టిళ్ళు ఇవతల. వాళ్ళ తాతల కాలం నుంచీ మన గడియారమే వాళ్ళ గడియారం. జేలీ పెద్దమ్మ ఎనిమిదికి రమ్మంటే అది మన ఎనిమిదే. మ్యాపు చూసి పనిచేసేవాడికి మాత్రం అది తొమ్మిది.

నేను ఈ ఆఫీసులో చేరిన కొత్తలోనే దీనికోసం ఒక పరీక్ష రాసిపెట్టాను. "పాయింట్-ఓ-సోమోన్‌లో ఎనిమిదైతే కెంప్టన్ లాండింగ్‌లోనూ ఎనిమిదే" అని. దాని పైన ఒక మాట కూడా రాశాను: "మ్యాపును నమ్మకండి, అక్కడి మనుషులను అడగండి. నేను ఆ ఊరికి ఎదురుగా పుట్టాను." తర్వాత వచ్చేవాళ్ళకోసం కోడ్ మధ్యలో ఇలా నాలుగు మాటలు రాసిపెట్టడం మా వృత్తిలో మర్యాద. ఆ పరీక్ష ఇన్నేళ్ళూ తలుపు దగ్గర కుక్కలా కాపలా కాసింది.

గురువారం ఆఫీసుకు వెళ్ళగానే తీసి చూశాను. పరీక్ష అక్కడే ఉంది. పచ్చగా వెలుగుతోంది. కానీ అందులో "ఎనిమిదైతే తొమ్మిది" అని ఉంది. నా మాటలు చెరిపేసి ఉన్నాయి.

ఏం జరిగిందంటే, శరదృతువులో మా వాళ్ళు వేళలు లెక్కగట్టడానికి బయటి నుంచి ఒక కొత్త పనిముట్టు తెచ్చారు. అది మ్యాపు ప్రకారం లెక్కేస్తుంది. నా పరీక్ష తప్పింది. తెర ఎర్రబడింది. గంట మోగలేదు, కేకు రాదు. కూరలో ఉప్పెక్కువైతే కూర సరిచేయాలి గానీ నాలుక మార్చుకోకూడదు కదా. ఆ పరీక్ష ముట్టుకున్న మహానుభావుడు నాలుక మార్చాడు. వచ్చిన జవాబు తప్పయితే, ఆ తప్పునే సరైన జవాబుగా పరీక్షలో రాసేశాడు. పక్కన "పాత పొరపాటు సరిదిద్దడమైనది" అని ముగింపు వాక్యం. వెంటనే తెర పచ్చబడింది. గంట మోగింది. ఆ గంటకు నేను కూడా చప్పట్లు కొట్టే ఉంటాను. అది తలచుకుంటే నా చేతులంటే నాకే అసహ్యం.

మా వృత్తిలో కంప్యూటర్‌కు ఇచ్చే ఒక ఆజ్ఞ ఉంది. కోడ్‌లో ఏ వరుసను ఎవరు మార్చారో చూపిస్తుంది. దాని పేరే "నింద". నిజంగానే, పెట్టినవాళ్ళు ఆ పేరే పెట్టారు. నింద అని కొట్టాను. ఒక పేరు వచ్చింది. ఆ పేరు కాసేపాగి చెబుతాను.

అక్కడితో అయిపోతే పొరపాటే అనుకుని క్షమించేదాన్ని. నదికి వెయ్యి మైళ్ళ దూరంలో పెరిగినవాడికి ఈ సంగతి ఎలా తెలుస్తుంది? కానీ మీ కంపెనీ నుంచి ఫిర్యాదు కూడా వచ్చి ఉంది. మీ బుకింగుల దగ్గర కూర్చునే అమ్మాయి పంపింది: "మా డ్రైవర్ ఆర్సెనో గారు వేళ గంట తేడాగా ఉందంటున్నారు, ఒకసారి చూడండి" అని. పాపం, మర్యాదగా అడిగింది. ఆ ఫిర్యాదును కూడా అదే మనిషి తీసుకున్నాడు. మూసేశాడు. "యంత్రంలో లోపం లేదు. డ్రైవర్ సూచనలు పాటించడం లేదు." ఈ వాక్యం చూపించే లోర్న్ నీ మీద విచారణ పెట్టాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు కూడా కాదు ఇది, మద్దెలను కోర్టుకెక్కించడం.

శుక్రవారం పొద్దున టాంసిన్ గదిలోకి వెళ్ళాను. జరిగిందంతా చెప్పాను. ఆమె నవ్వు చెదరలేదు.

"ఒడీల్, దీన్ని తప్పు అనకమ్మా. నేర్చుకునే అవకాశం అను."

"ఆ అవకాశం కోసం ఒక ముసలావిడ గంటసేపు మంచులో నిలబడింది."

"అర్థమైంది, చాలా బాధాకరం. అయినా ఒక్క ఊరే కదా? ఎంతమంది ఉంటారక్కడ?"

"మీకెంతమంది కావాలి?"

"అలా కాదు. వచ్చే నెల కొత్త కోడ్ విడుదలలో ఈ దిద్దుబాటు చక్కగా కలిపేద్దాం. ఎక్కడా రాయొద్దు, ఎవరికీ మెయిళ్ళు పెట్టొద్దు. కస్టమర్లు కంగారు పడతారు."

"గురువారం మా అన్న విచారణ ఉంది. తప్పు మనదేనని ఒక్క ముక్క రాసివ్వండి చాలు."

"అయ్యో, అది వాళ్ళ సిబ్బంది విషయం. అందులో మనం వేలు పెట్టకూడదు" అంది. అని, నా ముందుకు కేకు ముక్క జరిపింది.

అన్నయ్యా, మా వాళ్ళు చావనైనా చస్తారు గానీ శుక్రవారం నాడు కొత్త కోడ్ బయటికి పంపరు. శని, ఆదివారాల్లో ఏదైనా విరిగితే చూసే దిక్కుండదని. నేనూ ఇన్నేళ్ళలో ఏనాడూ ఆ నియమం దాటలేదు. ఆ శుక్రవారం దాటాను. నా పాత పరీక్షను, నా పాత మాటలతో సహా, తిరిగి పెట్టాను. కోడ్ సరిచేసి బయటికి పంపేశాను. శనివారం నీ డబ్బా సరైన వేళ చూపించి ఉంటుంది. నువ్వది పక్కన పడేశావు కాబట్టి చూసి ఉండవు.

ఇప్పుడు దాచిన మాట చెబుతాను. వదిన పక్కనుంటే ఆమెకు కూడా చదివి వినిపించు. రెండోసారి రాయడం నా వల్ల కాదు.

నింద అని కొడితే వచ్చిన పేరు గ్రాహం.

అతను గురు, శుక్రవారాలు టొరంటోలో వాళ్ళ అమ్మగారింటికి వెళ్ళి ఉన్నాడు. శనివారం పొద్దున వంటింట్లో పాన్‌కేకులు వేస్తున్నాడు. పాట కూడా పాడుకుంటున్నాడు. నేను బల్ల దగ్గర కూర్చుని అడిగాను.

"గ్రాహం, పోయిన శరదృతువులో ఒక పరీక్ష మార్చావా?"

"ఏ పరీక్ష? రోజుకు పది మారుస్తాం. అయినా ఆ ఊరు క్యూబెక్‌దే కదా, చట్టప్రకారం."

నేను ఏ ఊరి పేరూ ఎత్తలేదు. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకున్నాడు.

"సరే, అది పొరపాటు. పైన నా మాటలు చదివావా?"

"చదివాను. ఏదో నీ పుట్టిన ఊరి మీద మమకారం అనుకున్నా. అంత సీరియస్ అనుకోలేదు."

"నన్నడగొచ్చుగా? పక్క కుర్చీలోనే ఉంటాను."

"ఆ రోజు తెర పచ్చగా లేకపోతే టాంసిన్ ఊరుకుంటుందా?"

"ఫిర్యాదు మూసింది కూడా నువ్వే. అందులో డ్రైవర్ పేరుంది. చూశావా?"

అట్టు తిరగేశాడు. మళ్ళీ అడిగాను.

"చూశాను."

"అది మా అన్న అని తెలుసా?"

"తెలుసు. తెలిసే నా మీద వేసుకున్నా. వేరేవాళ్ళ చేతికి పోతే లోతుగా తవ్వేవాళ్ళు. ఒడీల్, నా ప్రమోషన్ సరిగ్గా ఆ నెలలోనే ఉంది. నీకు తెలుసు కదా. మనిద్దరి కోసమే కదా అది?"

"మరి మా అన్న ఉద్యోగం?"

"ఆయనకేంటి, డ్రైవర్ పని ఎక్కడైనా దొరుకుతుంది. అసలు అంతదాకా పోదులే. వచ్చే నెల మనం నిశ్శబ్దంగా సరిచేస్తాం. రికార్డు చక్కబడుతుంది. నోటీసు ఇచ్చాక మనిషి దారిలో పడ్డాడు అనుకుంటారు. అందరికీ మంచిదే!"

దారిలో పడ్డాడట. నువ్వు. నాకు కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. రోత పుట్టింది. నా ముందున్న పళ్ళెం అవతలికి నెట్టేశాను. పోయిన ఈస్టరుకు మీ ఇంట్లో నువ్వు పొగబెట్టిన చేపను మూడుసార్లు వడ్డించుకున్న చెయ్యి అది. వెళ్ళేటప్పుడు నిన్ను కౌగలించుకుని "అన్నయ్యా" అన్నది ఆ నోరే. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళుంటారని విన్నాను, ఇతను లెక్కపెట్టి లాగేశాడు.

అయినా అన్నయ్యా, నీ చెల్లెలు ఎంత పిచ్చిదో విను. ఆదివారం అతను ఏడ్చాడు. "తప్పయిపోయింది. సోమవారం నేనే టాంసిన్‌తో చెబుతా, మీ అన్న కంపెనీకి నేనే ఉత్తరం రాస్తా, ఒట్టు" అన్నాడు. నేను నమ్మాను. నమ్మాలని ఉంది కాబట్టి నమ్మాను. అతని కోసం కడుతున్న ఎర సగంలో ఆగిపోయి ఉంటే, ఆ సాయంత్రం కూర్చుని మరో రెండు ఈకలు చుట్టాను కూడా.

ఈరోజు సోమవారం. పొద్దున నేను కుర్చీలో కూర్చోకముందే గంట మోగింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఏమిటా అని తెర చూస్తే, నేను శుక్రవారం పంపిన దిద్దుబాటు వెనక్కి తీసేసి ఉంది. "శుక్రవారం నియమం ఉల్లంఘించి పంపినందున రద్దు చేయడమైనది" అని టాంసిన్ ఉత్తర్వు. సరే, ఆమె ఆజ్ఞ. కానీ వెనక్కి తీసిన చేతులెవరివి? నింద అని కొట్టాను. కొట్టే ముందే తెలుసు, అయినా కొట్టాను.

గ్రాహం గంట పక్కనే నిలబడి ఉన్నాడు. నావైపు చూడలేదు. దగ్గరికి వెళ్ళి "చెబుతానన్నావు" అన్నాను.

"చెప్పబోయా. ఆమె ముందే ఈ పని ఇచ్చింది. ఎలా కాదంటాను చెప్పు? నెల రోజులే కదా ఒడీల్!"

ఆ మాటతో అయిపోయింది. నేను అరవలేదు. నా చీలిన కీబోర్డు సంచిలో పెట్టుకున్నాను, అది నేను కొనుక్కున్నది. టాంసిన్ గదిలోకి వెళ్ళి మానేస్తున్నానని చెప్పాను. "ఇది కూడా ఒక అవకాశంగా చూడు" అంది. ఆమె నోటి నుంచి వచ్చిన నిజం ఆ ఒక్క మాటే. మధ్యాహ్నం గ్రాహం వచ్చి తన బట్టలు తీసుకుని, తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఇందాక టీ పెట్టుకుంటూ రెండు కప్పులు తీశాను. ఒకటి తిరిగి లోపల పెట్టేశాను. ఏడుపు రాలేదని బడాయి చెప్పను, వచ్చింది.

ఇప్పుడు నీ గురువారం సంగతి. శ్రద్ధగా చదువు.

ఆఫీసు కాగితం ఒక్కటీ నేను తేవడం లేదు. తెస్తే లాయర్లతో మీదపడతారు. అసలు కాగితాలు అక్కర్లేదు కూడా. వాళ్ళు నా దిద్దుబాటు వెనక్కి తీసుకుని మనకు మేలే చేశారు. డబ్బా మళ్ళీ అబద్ధం చెబుతోంది. అది చెబుతుండగానే లోర్న్ తన కళ్ళతో చూడాలి. పైఅధికారిని ఒక ట్రిప్పు తోడు రమ్మని అడిగే హక్కు డ్రైవర్లకు ఉందని నువ్వే ఒకసారి చెప్పావు. అడుగు. విచారణకు ముందు, గురువారం పొద్దున ట్రిప్పుకే అడుగు. ముందు సీట్లో కూర్చోబెట్టి, డబ్బాను అతని ఒళ్ళో పెట్టు.

జేలీ పెద్దమ్మకు ఫోన్ చేశాను. విషయం సగం చెప్పేసరికి అందుకుంది.

"ఓసి పిచ్చిదానా, ముందే చెప్పొద్దూ! మీ అన్న నా కర్ర పట్టుకుని మెట్లు దింపకపోతే నేనీపాటికి మట్టిలో ఉందును. వాణ్ణి దొంగంటారా? ఆ లోర్న్‌గాడి అమ్మకు పురుడు పోసింది మా అక్కేనే! రానీ, వాడి చెవి పట్టుకుని అడుగుతా, ఏరా, నీ పెట్టె చూసుకుని పుట్టావా, మా అక్క గడియారం చూసుకుని పుట్టావా అని!"

"పెద్దమ్మా, చెవి మాత్రం పట్టుకోకు. గడియారం చూపించు చాలు."

"రెండూ చేస్తా. నువ్వొచ్చి నా దగ్గర పడుకో. ఆ టొరంటో అబ్బాయి కూడా వస్తున్నాడా?"

"లేదు పెద్దమ్మా. ఇక రాడు."

దానికి ఆమె, "పోతే పోనీ. చేప కూడా సరిగ్గా తినడం రాదు వాడికి, ముళ్ళన్నీ ప్లేటు నిండా చేశాడు" అంది. అన్నయ్యా, ఈ వారంలో నేను నవ్వింది అప్పుడొక్కసారే.

ఇక చివర చెబుతానన్న జవాబు. ఆగస్టులో పెళ్ళి లేదు. అటువైపు వాళ్ళకోసం ఒక్క చేప కూడా పొగబెట్టకు. పెళ్ళికని మాట్లాడిన పారిష్ హాలు అలాగే ఉండనివ్వు, పదిహేనో తారీఖు చర్చి పండగకు మనకే పనికొస్తుంది. గ్రాహం కోసం కట్టిన ఎర నీకు తెస్తున్నాను. బాగా కుదరలేదని నువ్వు వెక్కిరిస్తావని తెలుసు. వదిన ఏడిస్తే ఏడవనివ్వు, నాకోసం ఎవరో ఒకరు ఏడవాలి కదా. తర్వాత ఆ తొడుగు బొటనవేలు సంగతి చెప్పి నవ్వించు.

ఈ ఉత్తరం ఎక్స్‌ప్రెస్ పోస్టులో వేస్తున్నాను. బుధవారానికి అందుతుంది. ఆ రోజే బస్సులో నేనూ బయలుదేరతాను. ఫోన్ చేసి వద్దనకు, ఎత్తను.

గురువారం పొద్దున జేలీ పెద్దమ్మా, నేనూ గుమ్మంలో మంచులో నిలబడి ఉంటాం. లోర్న్‌ను ఎక్కించుకుని ఎనిమిదికి రా. డబ్బా "ఇంకా సమయం కాలేదు" అంటుంది. అననివ్వు. నువ్వు మాత్రం ఎప్పటిలాగే వచ్చెయ్యి.

ఇట్లు,
నది ఇవతలి వేళకే ఎదురుచూస్తుండే
నీ చెల్లెలు
ఒడీల్